అంగుళాలు

అల్లిపురంలో నా బైండింగు కొట్టుకి
ఆటోలో దిగాయి ముప్ఫై ఏళ్ల సంచికలు.
వాల్తేరు అప్‌లాండ్స్ షికారు క్లబ్బువి.
"స్వర్ణోత్సవాలు, సూరప్పడూ,
కాలికో వేసి బంగారు అక్షరాలు కొట్టు" అన్నారు
సెక్రటరీ నరసరాజు గారు.

చట్టం వచ్చి ఇక్కడి తుపాకులు బీరువాల్లో పడుకున్నా
పత్రిక మాత్రం వేటాడుతూనే ఉంది.
విమానమెక్కి, గుర్రమెక్కి,
ఎక్కడో పామీరు మంచులో
కొండగొర్రె కోసం మోకాళ్ల మీద పాకుతూనే ఉంది.

కుట్టేవాడు చదవకూడదు,
చదివితే దారం వదులవుతుందనేవాడు మా గురువు మౌలాలీ.
నేను చదివాను.

తుపాకీకి నాలుగు పేజీలు.
తూటా బరువుకి రెండు.
బూట్లకి ఒకటిన్నర.
కొండకి ఒక్క వాక్యం: కొండ కఠినంగా ఉంది.
గొర్రెకి ఒక అంకె:
నలభై ఒకటింబావు.

ప్రతి ఫోటోలోనూ అదే కూర్చోవడం.
వెనక మోకాలేసి మనిషి,
ముందు, కాళ్లు మడిచి, నెత్తురు తుడిచి,
నాలిక లోపలికి తోసి
సిద్ధం చేసిన పొట్టేలు.
రెండు చేతులా కొమ్ములు పట్టుకున్న ఆయన నవ్వు
కొత్త మోటారుసైకిలు కొన్నవాడి నవ్వు.

చివరి పేజీలో పట్టిక.
పావంగుళం తేడాతో రెండో స్థానానికి దిగిన ఒకాయన
మూడు సంచికలు వరసగా ఉత్తరాలు రాశాడు,
ఎండితే కొమ్ము కుంచించుకుపోతుందనీ,
తనది పచ్చిగా ఉన్నప్పుడే కొలిచుంటే గెలిచేవాడిననీ.

మా నాయన గొర్రెలోడు.
ఆనందపురం అవతల మెరకల్లో తిప్పి మేపేవాడు.
నన్నో సాధువనుకోకండి,
ఆదివారం మా ఇంట్లోనూ తపేలా ఉడికేది.
ముసలి పోతుని సంతలో అమ్మి
నాకు రెండో తరగతి పుస్తకాలు కొన్నాడు.
కత్తి ముందు ఆయన మాట్లాడేవాడు కాడు.
తర్వాత వ్యాసమూ రాయలేదు.

ఆయన కొమ్ము పట్టుకునేది కొలవడానికి కాదు.
బొటనవేలితో గీతలు తడిమేవాడు.
"ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి సూడు,
ఆ ఏడు వాన లేదురా.
ఇక్కడ ఎడం.
తుపాను ఎనకాల గడ్డి నడుందాకా లేచింది గదా, ఆ ఏడు."
బడి మొహం చూడని మనిషి
కొమ్ముని పేజీ పేజీ చదివేవాడు.

ఇప్పుడు చెప్పండి.
ఎవరో నా కొట్టుకొచ్చి
టేపుతో పుస్తకం పొడవు కొలిచి
చదివేశానంటే
నేనేమనుకోవాలి?

సంపాదకీయం ఒకటుంది, బాగానే రాశారు.
ముసలి పొట్టేళ్లనే కొడతామని,
మేం కట్టే రుసుముతోనే మంద బతుకుతోందని.
కావచ్చు. కాదనడానికి నేనా కొండ చూడలేదు.
అంత ప్రేమ ఉన్నచోట
ముప్ఫై ఏళ్లలో ఒక్కరైనా
అది మేస్తుండగా చూశామని రాయలేదేం?

పుస్తకాలు ఇవ్వడానికి వెళ్లి చూశాను.
క్లబ్బు హాల్లో సముద్రం వైపు కిటికీ,
ఎదురు గోడ మీద తల.
మంచు తప్ప ఎరగని మొహానికి
రోజంతా బీచి ఉప్పుగాలి.
చెవి కింద కుట్టు విడిపోయి గడ్డి కనిపిస్తోంది,
తినాల్సినదాన్ని గొంతులో కుక్కి వదిలేసినట్టు.
నాసిరకం కుట్టు, అనుకున్నాను ముందు.
వృత్తి బుద్ధి.
గొర్రె తర్వాత కనిపించింది.

నేను చేసిన పని ఒకటుంది.
తొంభై ఎనిమిదో సంవత్సరం సంపుటిలో
ఒక ఫోటో అంచున సగం చెయ్యి.
ఆ తలని వీపున మోసుకు దిగిన అక్కడి ఊరివాడిది.
మిగతా మనిషిని ఫోటో తీసినాయనే వదిలేశాడు.
కింద పేరు లేదు.
నా కట్టింగు మిషను ఇంకో అరంగుళం తింటే
ఆ వేళ్లూ పోయేవి.
కొయ్యలేదు.

నరసరాజు గారు అలమర వరస చూసి
కళ్లజోడు సర్దుకున్నారు.
"అన్నీ సమంగా ఉన్నాయి,
ఇదొక్కటే ముందుకొచ్చిందేమయ్యా, అరంగుళం?"

"అంగుళాలు మీకిష్టమే కదండీ" అన్నాను.

ఆయన నవ్వలేదు.
బిల్లులో నూట యాభై కోశారు.